బొమ్మల బంగళాలో కొత్త పటం

గోడ పగులులోకి నా పెన్సిలు చివరిదాకా దూరింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి, వార్తల కవరు హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చాను. మూడో రోజు పేపరులో వచ్చింది. వందల ఏళ్ల నాటి, వెలకట్టలేని వస్తువులున్న కరీంనగర్ కళా ప్రదర్శనశాల కూలిపోయేలా ఉందని, ఊరి చివర కొత్త సర్కారు కచేరీల పక్కన కడుతున్న భవనంలోకి దాన్ని తరలించడమే మేలని అందులో ఉంది. ఆ రెండో మాట నాతో ఎవరూ అనలేదు. నేనే కలిపాను. విలేకరిగా అప్పటికి నాకు ఏడెనిమిదేళ్ల అనుభవం. చూసింది రాసి ఊరుకోకుండా, ఏం చేయాలో కూడా చెప్పేయాలన్న తొందర ఆ వయసులో ఉంటుంది.

ఆ భవనాన్ని బోర్డు మీదున్న పేరుతో ఊళ్లో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. బొమ్మల బంగళా అనేవాళ్లు. నిజాం కాలంలో జిల్లాను ఏలిన ఒక తాలూక్‌దారు తన ముచ్చట కొద్దీ మొదలుపెట్టిన కొలువు అది. నాగళ్లకు తగిలి బయటపడ్డ రాతి విగ్రహాలు, వెండి తీగ అల్లిన పెట్టెలు, తుప్పు పట్టిన కత్తులు, పేర్లు మరిచిపోయిన అధికారుల రంగుల చిత్రాలు, బట్ట మీద రాసిన కథల పటాలు అందులో ఉండేవి. వారంవారం జరిగే అంగడి రోజు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉప్పు, మిరపకాయలు కొనుక్కుని, పోతూపోతూ లోపలికి వచ్చేవాళ్లు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచేవాళ్లు. ఎవరైనా కొబ్బరికాయ తీస్తే, మేం బాపు అని పిలిచే మా నాన్న లేచి, “ఈడ గాదు పెద్దమ్మా, ఈ దేవుళ్లు నౌకరీల ఉన్నరు” అని ఆపేవాడు.

మా బాపు అక్కడ చౌకీదారు. పోలీసు చర్యకు చాలా ముందే చేరాడు. రజాకార్ల రోజుల్లో బజారు సగం ఖాళీ అయినప్పుడు కూడా తాళాలు బొడ్లో దోపుకుని ఆ వరండాలోనే కూర్చున్నాడు. హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, బోర్డు మీద ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. బాపు కూర్చునే స్టూలు మాత్రం అక్కడే ఉంది.

వార్త వచ్చిన రోజు సాయంత్రం బాపు నన్ను పిలిచి పేపరు చదవమన్నాడు. ఆయనకు అక్షరాలు రావు.

“మళ్ల సదువు,” అన్నాడు చదవడం అయ్యాక.

మళ్లీ చదివాను.

“మారుస్తరంటవా?”

“మారుస్తరు బాపూ. మంచిదే గద. ఆ గోడ ఎప్పుడన్న నీ మీదనే పడుతది.”

“పడితె పడనియ్యి,” అన్నాడు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

“గాయిన గూడ ఆ బంగళల రాయి లెక్కనే అయిండు,” అంది నన్ను కన్న అవ్వ. “జరుపుతె పలుగుతనని భయం.”

నేను నవ్వాను. ముసలితనంలో చోటు మారాలంటే ఎవరికైనా కష్టమేనని అనుకున్నాను. నా వార్త పనిచేస్తోందన్న సంతోషం వేరే ఉంది.

ఊళ్లో వాదులాట మొదలైంది. కచేరీల్లో పనిచేసేవాళ్లు, వకీళ్లు మార్చాలన్నారు. బజారువాళ్లు వద్దన్నారు. వాళ్లకు పెద్ద దిక్కు ఒక బట్టల షావుకారు. ఆయన దుకాణం సరిగ్గా బంగళాకు ఎదురుగా ఉండేది. మంచి బొమ్మలన్నీ హైదరాబాదుకే పంపితే పీడా పోతుందన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను రెండు పక్షాలూ కలిసి తిట్టేవి. గ్రంథాలయం వరండాలో ఒక ఆదివారం అందరూ కూర్చున్నారు. నేను నోటుబుక్కు తీయగానే షావుకారు మాట అందుకున్నాడు.

“పేపరు సారూ, మాకొక్క అనుమానం. పగులు పెద్దగున్నదా, నీ పెన్సిలే సన్నగున్నదా?”

వరండా అంతా నవ్వింది. ఆయన మళ్లీ మామూలుగా చెప్పాడు. “అంగడికొచ్చినోడు బొమ్మలు సూస్తడు. కచేరికి పోయినోడు గుమాస్త మొకం సూస్తడు. ఆడికి తీస్కపోతె వాటిని సూశేటోడెవడు?”

నిజానికి అది మంచి ప్రశ్న. నేను దాన్ని రాసుకున్నాను కానీ వార్తలో చివరి పేరాలో పెట్టాను.

కొన్నాళ్లకు పైనుంచి కాగితం వచ్చింది. తరలించే ముందు వస్తువులన్నిటినీ పాత రిజిస్టరుతో సరిచూడాలి, ఒక్కోదాన్ని బయటికి తీసి, విప్పి, వయసూ వాసీ రాయాలి, అందుకు హైదరాబాదు నుంచి ఒక అధికారి వస్తాడు. ఈ వార్త ఊళ్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఇంటికి పోయి గర్వంగా చెప్పాను.

ఆ రోజు నుంచి బాపు మారిపోయాడు. తలుపుకు తాళం వేసి పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. బజారులో సైకిలు మీద పోలీసు కనిపిస్తే వరండా లోపలికి జరిగేవాడు. అన్నంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయేవాడు. తుపాకులు తిరిగిన రోజుల్లో ఆయన్ను చూసినవాణ్ని కాబట్టి నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మా బాపు భయపడుతున్నాడు. ఎందుకో తెలియదు. అడిగితే “ఏం లేదు, ఫికర్ జెయ్యకు” అనేవాడు.

వారం తర్వాత ఒక పొద్దున మానేరుకు స్నానానికి పోయాం. ఇసుకలో చెలిమె తోడుకుని నీళ్లు ఊరేదాకా కూర్చున్నాం. బాపు నీళ్ల వైపే చూస్తూ అడిగాడు.

“గా సారు పటాలు గూడ ఇప్పి సూస్తడా?”

“సూస్తడు.”

“అన్ని?”

“అన్ని బాపూ. ఎందుకు?”

“నేనొక పటం ఇచ్చేసిన బిడ్డా,” అన్నాడు.

పటం అంటే గజం వెడల్పుండే, అరలు అరలుగా బొమ్మలు రాసిన పొడుగాటి బట్ట. నేతవాళ్ల కులం కథ చెప్పే కుటుంబాలు దాన్ని రెండు గుంజలకు కట్టి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ రోజుల తరబడి కథ చెబుతాయి. నకాషీవాళ్లు దాన్ని రాసేటప్పుడు బొమ్మల కళ్లు అన్నిటికంటే చివర, పూజ చేసి రాస్తారు. కళ్లు పడ్డాక అది బట్ట కాదు, ఇంట్లో ఒక మనిషి. ఏళ్లు గడిచి చినిగిపోతే పారేయరు. కొత్తది రాయించుకుని, పాతదాన్ని కాలం తీరిన పెద్దమనిషిలాగా గోదావరికి తీసుకుపోయి, చేయవలసినవి చేసి నీళ్లలో విడిచి, తలస్నానం చేసి వస్తారు. జమ్మికుంట వైపు ఒక కుటుంబం పటాన్ని ఆ పాత తాలూక్‌దారు ముచ్చటపడి బంగళాకు తెప్పించాడు. అడిగి తెప్పించాడో, అడగకుండానే తెప్పించాడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అది అద్దాల పెట్టెలో ఉండిపోయింది.

“శాన ఏండ్ల కింద ఆళ్లింట్ల ఒక్క ఎండకాలమే ఇద్దరు పసిపిల్లలు పోయిన్రు. పటాన్ని సాగనంపకనే గిట్లయిందనుకున్నరు,” అన్నాడు బాపు. “అప్పుడొచ్చిండు ఆ ఇంటి ముసలాయన. ‘మా పెద్దమనిషి శవం మీ అద్దాల పెట్టెల పండుకున్నది, సాగనంపుకోనియ్యవా అన్నా’ అన్నడు. నేను నా చేతుల లేదన్న. మళ్ల అంగడికి మళ్లొచ్చిండు. ఆ మళ్ల అంగడికి గూడ. ఏడుస్తలేడు, తిడుతలేడు. వరండల కూసునుడు, పోవుడు. నాలుగోసారి కొత్త పటం పట్టుకొచ్చిండు.”

“కొత్తదా?”

“గవే బొమ్మలు. గన్నే అరలు. నీ మీద మాట రావద్దన్నా, ఖాళీ జాగల ఇది పెట్టుకో అన్నడు. మోదుగు పువ్వు లెక్క మెరుస్తున్నది. చినిగినదాని బదులు గట్టిది వచ్చింది, సర్కారుకు నష్టమేమున్నది అనుకున్న. అనుకునుడేంది, సంతోషపడ్డ.”

లక్సెట్టిపేట దగ్గర గోదావరికి బాపు కూడా వాళ్లతో పోయాడట. ఎవరో చచ్చిపోయారని అవ్వకు చెప్పి పోయాడు. “అబద్దం గాదు గద,” అన్నాడు. ఆ భయంలోనూ ఆయన పెదవి కొంచెం కదిలింది.

“మరి తప్పని ఎప్పుడు తెలిసింది?”

“నువ్వు పేపరు సదివినవ్ గద. వందల ఏండ్ల నాటివి, ఎలగట్టలేనివి అని. పాతదైతెనే ఇలువ అని నువ్వు రాస్తెనే తెలిసింది.”

చెలిమెలో నీళ్లు ఊరాయి. మేమిద్దరం స్నానం మరిచిపోయాం.

కోర్టు వార్తలు రాసినవాణ్ని నేను. ఇంతకంటే చిన్న తప్పులకు గుమాస్తాల చేతులకు బేడీలు పడటం చూశాను. సర్కారు సొత్తు అపహరణ అన్న మాట ఎట్లా రాస్తారో, దానికి ఎన్ని కాలమ్‌ల శీర్షిక పెడతారో నాకు తెలుసు. విలేకరి తండ్రి అన్న మాట కూడా ఆ శీర్షికలో చేరుతుందని తెలుసు. ఆ భయంలో నాకు తోచింది ఒక్కటే. బంగళా కదలకూడదు. కదలకపోతే లెక్క ఉండదు.

ఆ వారమే ఇంకో వ్యాసం రాశాను. బొమ్మల బంగళా బజారులోనే ఉండాలి, పల్లె జనం కాళ్లకు అలవాటైన చోటు అది, గోడకు మరమ్మతు చేస్తే సరిపోతుంది అని. చివరి పేరాలో పెట్టిన షావుకారు ప్రశ్న ఇప్పుడు మొదటి పేరాకు వచ్చింది. పేపరు వచ్చిన రోజు ఆయన దుకాణం గద్దె మీద నుంచే కేక వేశాడు.

“ఏం పేపరు సారూ, పగులు పూడిందా? పెన్సిలు పోతలేదా ఇప్పుడు?”

ఆయన పక్షానికి వచ్చినా ఆయనే నన్ను నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. అధికారి మాత్రం చెప్పిన రోజుకు చెప్పినట్టే పొద్దుటి బస్సులో దిగాడు.

కోస్తా వైపు మనిషి. మందపాటి అద్దాలు, ఒక ట్రంకు పెట్టె, గొడుగు. మర్యాదస్తుడు. చౌకీదారును కూడా “పెద్దాయనా” అని పిలిచాడు. రిజిస్టరు తెరిచి చూసి తల పట్టుకున్నాడు. అదంతా ఉర్దూ. చదివి పెట్టాల్సిన పాత గుమాస్తా జ్వరంతో మంచం పట్టాడు. వార్త కోసం వచ్చి వరండాలో నిలబడ్డ నన్ను ఎవరో చూపించారు.

“మీరు ఉర్దూలోనే చదువుకున్నారటగా? ఈ ఒక్కరోజు కాస్త సాయం చేస్తారా?” అన్నాడు.

మా తరం వాళ్లందరం ఉర్దూ బడిలో చదివినవాళ్లమే. కాదంటే రేపు ఇంకెవరో చదువుతారు. నేను చదివితే ఏం చదవాలో నా చేతిలో ఉంటుంది. ఆ లెక్క వేసుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. కూర్చున్నాను.

పొద్దంతా పని సాగింది. నేను ఒక్కో పద్దూ ఉర్దూలో పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పేవాణ్ని. బాపు ఆ వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అధికారి అద్దంతో చూసి, తన కాగితం మీద రాసుకునేవాడు. రాతి విగ్రహం, ఒకటి, కుడి చెయ్యి విరిగింది. కత్తి, ఒకటి, పిడి లేదు. వెండి పెట్టె, ఒకటి, బాగుంది. ఆయన రాసుకుంటుంటే నా కళ్లు ముందు పేజీల్లోకి పరుగెత్తేవి. మధ్యాహ్నం అన్నాలప్పటికి ఆ పద్దు కనిపించింది. బొమ్మల బట్ట, ఒకటి, మిక్కిలి పాతది, రెండు చోట్ల చినిగింది, కింది అంచు పురుగు తిన్నది.

అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు.

బాపు పటం తెచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచాడు. బట్టకు పట్టించిన చింతగింజల జిగురు వాసన అన్నేళ్ల తర్వాత కూడా సన్నగా వచ్చింది. ఎర్రటి నేల మీద బొమ్మలన్నీ కళ్లు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాయి.

“బొమ్మల బట్ట, ఒకటి,” అని చదివి, తర్వాతి పద్దుకు పోయాను.

“ఆగండాగండి,” అన్నాడు అధికారి. పటం మీదికి వంగాడు. అంచు తడిమాడు. “రంగు భలే నిలిచిందే. ఎంత పాతదని రాశారు?”

“రాయలేదండి.”

“ఎట్లా ఉందని కూడా లేదా?”

“లేదండి.”

నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. దానికే నాకు ఇప్పటికీ భయం. వణకలేదు, తడబడలేదు. పేజీ మీద వేలు పెట్టుకుని, ఆ వేలు కింద ఉన్న అక్షరాలు లేవని చెప్పాను. అధికారి కలం కాగితం మీద ఆనింది.

“రాసున్నది సార్,” అన్నాడు బాపు.

అధికారి తల ఎత్తాడు. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“మా పోరడు భయపడి సదువుతలేడు. రెండు తావుల చినిగిందని రాసున్నది. కింద పురుగు గొట్టిందని రాసున్నది. ఆనాడు గుమాస్త రాస్తుంటె బట్ట పట్టుకోని నిలబడ్డది నేనే. ఇది ఆ బట్ట గాదు సార్.”

ఆ తర్వాత ఉన్నదంతా చెప్పాడు. మానేటి ఒడ్డున నాకు చెప్పినంత సేపు కూడా పట్టలేదు. జమ్మికుంట ముసలాయన పేరు అడిగితే మాత్రం చెప్పలేదు. “ఇచ్చింది నేను సార్. తీసుకున్నోని పేరెందుకు?” అన్నాడు.

అధికారి అద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు.

“పెద్దాయనా, అది సర్కారు సొత్తు. ఆ సంగతి తెలుసా?”

“తెల్సు సార్. ఆళ్లింటి పెద్దమనిషని గూడ తెల్సు.”

ఎదుటి దుకాణంలో బట్ట చింపుతున్న చప్పుడు వినిపించింది. అధికారి నా వైపు తిరిగాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

“ఇప్పుడు చదవండి,” అన్నాడు. “మొత్తం.”

చదివాను. ఈసారి వేలు కింద ఉన్నదంతా. ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా మిగిలిన పద్దులన్నీ నాచేతే చదివించాడు. ప్రతి పద్దుకూ తనకు అర్థం కాని ఆ అక్షరాల మీదికి వంగి, నా వేలు ఎక్కడుందో చూస్తూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి బాపును రావద్దన్నారు. విచారణ జరుగుతుందన్నారు. పోలీసు కేసు అవుతుందో లేదో పైవాళ్లు చెప్పాలన్నారు. మా ఇంట్లో ఎదురుచూపులు మొదలయ్యాయి. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే అవ్వ పొయ్యి దగ్గర చేతిలోది కింద పెట్టేది. గంట దాటిపోయాక మళ్లీ తీసుకునేది. బాపు ఒక గుడ్డ సంచిలో ధోతి, తువ్వాల, రెండు బీడీకట్టలు సర్ది గోడకున్న గూటానికి తగిలించాడు. జైలుకు ఏమేం తీసుకుపోనిస్తారని నన్ను అడిగాడు. నాకు తెలుసు, కానీ తెలియదన్నాను. వెంటనే సిగ్గేసి, తెలిసినంత చెప్పాను. బీడీలు తీసేశాడు.

జమ్మికుంట ముసలాయన సంగతి తెలిసి వచ్చాడు. గడప బయటే కూర్చుని, “నన్ను కట్టేసుకపొమ్మను అన్నా, నేనే ఎత్తుకపోయిననని చెప్పు” అన్నాడు.

“నువ్వు ఎత్తుకపోతె నేను నౌకరీ జేస్తలేనట్టు గద,” అన్నాడు బాపు. “ఛాయి తాగు.”

నేను వార్తలు రాస్తూనే ఉన్నాను. పంటల గురించి, నీళ్ల గురించి, బస్సుల గురించి. బంగళా గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. తరలింపు ఆగలేదు. ఎడ్లబండ్ల మీద గడ్డి పరిచి, విగ్రహాలను పడుకోబెట్టి బజారు గుండా తీసుకుపోయారు. దుకాణాల వాళ్లు లేచి నిలబడ్డారు. షావుకారు చెప్పులు విడిచి చూశాడు. ఆ రోజు ఆయన నన్నేమీ అనలేదు. కొత్త పటాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. రిజిస్టరులో లేని వస్తువు కాబట్టి తీసుకుపొమ్మని మా ఇంటికి కబురు పంపారు. జమ్మికుంటవాళ్లు వచ్చి తీసుకుపోయారు.

వానలు తగ్గాక ఉత్తరం వచ్చింది. పొడుగాటి కవరు, మీద సర్కారు ముద్ర. అవ్వ దాన్ని ముట్టుకోలేదు. నేను విప్పాను. విప్పగానే నా కళ్లు పాత అలవాటు కొద్దీ కిందికి పరుగెత్తబోయాయి. బాపు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“మొదటి నుంచి సదువు బిడ్డా. ఒక్కటి గూడ ఇడువకు.”

అదంతా సర్కారు తెలుగు. ఒక్కో వాక్యం అరపేజీ ఉంది. చదువుతుంటే ఏ వాక్యం చివర ఏముందో నాకూ తెలియదు. పోలీసు అన్న మాట వచ్చింది. ఆ వాక్యం చివరిదాకా పోతే, స్వలాభం లేనందున పోలీసు చర్య అవసరం లేదని ఉంది. అవ్వ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఇంకో వాక్యం ఉంది. దాని ముందు ఆగిపోయాను.

బాపు నా మోచేతి మీది చెయ్యి తీయలేదు.

కొలువు నుంచి తొలగించడమైనదని, పింఛనుకు అర్హత లేదని చదివాను.

“ఇంకేమన్న ఉన్నదా?”

“సంతకం ఉన్నది.”

“ఎవలది?”

“సదువ వస్తలేదు బాపూ.”

కాగితం నా చేతిలోంచి తీసుకుని, సంతకం ఉన్నచోట వేలు పెట్టి, నిజంగానే చదవరాదా అన్నట్టు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.